క్యాంపస్ రేడియోలో మన యాస, మన గొంతు

మొదటి రికార్డింగు రోజు మాలో ఒకరికి స్టూడియోలో దొరికిన సలహా ఇది: "గొంతు బాగుంది. ముందు ఆ యాస మార్చుకో."

చెప్పినతను చెడ్డవాడేం కాదు. రేడియోలో అలాగే మాట్లాడాలని అతనూ ఎక్కడో నేర్చుకున్నాడు. కానీ ఆ ఒక్క మాటతో మా స్నేహితురాలు రెండు వారాలు స్టూడియో మెట్లెక్కలేదు.

మేం ఐదుగురం. మాల, మాదిగ వాడల నుంచి యూనివర్సిటీ దాకా వచ్చిన మొదటి తరం విద్యార్థులం. చదువుకునే రోజుల్లో రెండేళ్లు క్యాంపస్ కమ్యూనిటీ రేడియోలో వలంటీర్లుగా, ప్రజెంటర్లుగా పనిచేశాం. పైసా జీతం లేదు. అయినా ఆ రెండేళ్ల సంతోషం వేరు. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ మైకు దాకా రావాలని ఇది రాస్తున్నాం.

ఈ రేడియో ఎవరిది?

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2002 చివర్లో కేంద్రం విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అవకాశమిచ్చింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో అన్నా ఎఫ్ఎం మొదలైంది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ దారి తెరిచారు. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 'బోల్ హైదరాబాద్' అలాంటి క్యాంపస్ రేడియోనే.

ఈ స్టేషన్లు మామూలుగా 100 వాట్ల శక్తితో నడుస్తాయి. సిగ్నల్ పది, పదిహేను కిలోమీటర్లు దాటదు. అంటే హాస్టళ్లు, మెస్సు, పక్క బస్తీలు, చుట్టూ ఉన్న ఊళ్లు. మాట్లాడేవాళ్లూ వినేవాళ్లూ ఒకే చోట బతుకుతుంటారు కాబట్టి, బాగాలేకపోతే మర్నాడు పొద్దున మెస్సులోనే ఆ మాట చెప్పేస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారుకావాలనీ, వీలైనంతవరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలనీ ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. యాస మార్చుకోమన్న సలహాకు జవాబు రూల్సు కాగితంలోనే ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాచనూరు చూపిన దారి

ఆ జవాబును ఆచరణలో చూపినవాళ్లు దళిత మహిళలు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. దాన్ని నడిపింది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఆ స్టేషన్‌కు గొంతులయ్యారు. లైసెన్సు రాకముందే కొన్నేళ్లపాటు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను ఊళ్లలో సంఘం సమావేశాల్లో వినిపించారు. చిరుధాన్యాలు, విత్తనాలు, ఆరోగ్యం, పాటలు, అన్నీ తాము ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే. వాళ్ల సంగతి తెలిశాకే మా స్నేహితురాలు మళ్లీ స్టూడియోకొచ్చింది, అదే యాసతో.

వలంటీరు చేసే పని

బయటికి వినిపించేది అరగంట కార్యక్రమం. వెనక పని మాకు ఐదారు గంటలు పట్టేది. ముందు విషయం ఎంచుకోవాలి, మాట్లాడేవాళ్లను ఒప్పించాలి, ప్రశ్నలు రాసుకోవాలి. రికార్డింగులో నోటికీ మైకుకీ జానెడు దూరం ఉంచాలి. మరీ దగ్గరైతే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా 'టప్' మంటుంది. ఫ్యాన్ ఆపాలి, ఫోన్లు బయట పెట్టాలి. తర్వాత కంప్యూటరులో ఎడిటింగు. మన గొంతు మనమే పదిసార్లు వినాలి. మొదట్లో సిగ్గేస్తుంది. నెల తిరిగేసరికి అలవాటైపోతుంది.

అన్నిటికన్నా కష్టంగా నేర్చుకున్నది మౌనంగా ఉండటం. హాస్టల్ ఊడ్చే అక్కను మొదటిసారి ఇంటర్వ్యూ చేసినప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగితే చాలు, మేం ఇంకో ప్రశ్న వేసేశాం. ఇంటికొచ్చి వింటే ఆమె మాటలన్నీ సగంలో తెగిపోయి ఉన్నాయి. మళ్లీ వెళ్లి అడిగాం. ఈసారి ఆగి విన్నాం. డ్యూటీకి రావాలంటే పొద్దున ఎన్నింటికి లేస్తుందో, చేతులకు గ్లౌజులు ఎప్పుడిస్తారో, ఎప్పుడివ్వరో తనే వరసగా చెప్పింది. ప్రసారమైన రోజు మెస్సులో వంటచేసే పెద్దమ్మ గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడి మొత్తం విన్నది. "మనోళ్లు మాట్లాడినట్టే ఉంది బిడ్డా" అన్నది. మాకు దొరికిన అవార్డు అదే.

కమ్యూనిటీ రేడియోకు సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా వేసుకోవచ్చు, అంతే. అందుకని పనికొచ్చే సమాచారం మీద పడ్డాం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఎలా తీసుకోవాలి, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్క అక్షరం తేడా ఉంటే ఏమవుతుంది, ఇవన్నీ రెండు వారాలు చెప్పాం. ఆ తర్వాత ఫస్టియర్ పిల్లలు కాగితాలు పట్టుకుని స్టూడియో గుమ్మం దగ్గరికొచ్చారు. అక్కడే కూర్చుని ఫారాలు నింపించాం.

సరిదిద్దాల్సినవి

సంతోషం ఒక్కటే చెబితే అబద్ధమవుతుంది. వలంటీరు పని అంటే ఖాళీ సమయం ఉన్నవాళ్ల పని. సాయంత్రాలు క్యాటరింగుకో ట్యూషన్లకో పోయి ఇంటికి డబ్బు పంపే విద్యార్థికి ఆ సమయం ఎక్కడిది? మాలో ఇద్దరు పరీక్షల ఫీజు కోసం మధ్యలో మానేయాల్సి వచ్చింది. బస్సు చార్జీ, భోజనం ఖర్చయినా స్టేషన్లు ఇవ్వాలి. ఏ కార్యక్రమం ఏ వేళకు వేయాలో నిర్ణయించే కమిటీలో దళిత, ఆదివాసీ విద్యార్థులు ఉండాలి. ఏడాదంతా గుర్తురాని మేం ఏప్రిల్ 14కు వారం ముందు మాత్రం గుర్తొచ్చేవాళ్లం. "అంబేద్కర్ మీద పది నిమిషాలు చేయండి" అని కబురొచ్చేది.

బాబాసాహెబ్ 1954 అక్టోబర్ 3న ఆకాశవాణిలో తన జీవన తత్వం గురించి మాట్లాడారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడు మాటలను తాను ఫ్రెంచి విప్లవం నుంచి తెచ్చుకోలేదని, బుద్ధుడి బోధల నుంచి తీసుకున్నానని వివరించారు. రెండో ఏడు ఆ పది నిమిషాల్లో మేం ఈ సంగతే చెప్పాం. చివర్లో ఇంకో మాట కలిపాం: వచ్చే వారం నుంచి ప్రతి బుధవారం మా కార్యక్రమం ఉంటుందని. ఆ గంట మాకెవరూ ఇవ్వలేదు, అడిగి తీసుకున్నాం. మేం చదువు ముగించుకుని వచ్చేటప్పుడు దాన్ని జూనియర్లకు అప్పజెప్పాం.

మీ కాలేజీలో రేడియో ఉంటే ఈ వారమే వెళ్లి పేరివ్వండి. ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. యాస మార్చుకోమంటే మార్గదర్శకాల్లో ఏముందో చూపించండి.