నడిచే లాప్‌టాప్‌ను పారేయకున్రి

2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 కావాల్నంటే టీపీఎం 2.0 ఉండాలె. చానా పాత మిషన్లల్ల అది లేదు. ఇగ షాపాయన "ఇది పనికిరాదు, కొత్తది కొను" అంటడు. కంపెనోడు గడువు వెడితే మనం అప్పు జేసి కొనాల్నా? నేనైతే లినక్స్ మింట్ ఎక్కిచ్చుకున్న. పైస ఖర్చు లేదు. దాంట్ల ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం 4 జీబీ ర్యామ్‌తోని మంచిగనే నడుస్తది.

ముందుగాల మింట్ ఫైల్ దించుకొని, రూఫస్‌తోని ఖాళీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యాలె. దాన్నుంచే మిషన్ ఆన్ జేస్తే హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండనే అంతా సూడొచ్చు. వైఫై వస్తున్నదా, సౌండ్ ఉన్నదా, స్కాలర్‌షిప్ ఫారం తెరుచుకుంటున్నదా? రెండు దినాలు గట్లనే వాడున్రి. బంద్ జేస్తే అండ్ల దాసినయి ఉండయ్, యాదుంచుకోన్రి.

నచ్చితేనే ఇన్‌స్టాల్ నొక్కాలె. భయపడాల్సింది ఒక్క కాడనే: "ఎరేజ్ డిస్క్" అన్నదాన్ని ఎంచుకుంటే ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ పోతయ్. అవన్నీ ముందే వేరే డ్రైవ్‌ల దాసుకోవాలె.

కొత్తల చేతులాడవు. విండోస్ లెక్క ఈఎక్స్‌ఈ ఫైల్ దించి డబుల్ క్లిక్ గొడితే నడవది, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌ల వెతకాలె. తెలుగుకు కీబోర్డు సెట్టింగుల్ల లేఅవుట్ కలిపితే యూనికోడ్‌ల రాసుకోవచ్చు. అను ఫాంట్ల డీటీపీ మీద బతికేటోళ్లు మాత్రం విండోస్‌ను తీసెయ్యకున్రి. రెండూ పక్కపక్కన ఉంచే ఆప్షన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే వస్తది.