‘నలుగురి’కి ఎదురు నిలిచే ఒక్కరు

పెళ్లి ప్రస్తావన వచ్చినప్పుడు మన సమాజంలో రెండు మాటలు తరచు వినిపిస్తాయి. ‘నలుగురితో నారాయణ’ అనేది మొదటిది. ఆడపిల్ల సహజంగానే పెద్దల మాటకు తలవంచుతుంది, తన వారిలోనే భద్రత వెతుక్కుంటుంది అనేది రెండోది. ఒకప్పుడు ఈ రెండో మాటకు ధర్మశాస్త్రాలు సాక్ష్యం పలికేవి. ఇప్పుడు ఆ స్థానంలోకి పరిణామ సిద్ధాంతాన్ని తెస్తున్నారు. స్త్రీ పురుషుల మనసులు జీవపరిణామ క్రమంలో వేర్వేరుగా రూపొందాయని, కాబట్టి సొంత కులంలో సంబంధం చూసుకోవడం కూడా ప్రకృతి నేర్పిన జాగ్రత్తేనని చదువుకున్న యువకులు సైతం వాదిస్తున్నారు. మనుషులు గుంపుకు ఎందుకు లొంగుతారో విద్యార్థులకు బోధించే వ్యక్తిగా ఈ వాదాన్ని పరిశీలించడం నా బాధ్యత అనుకుంటున్నాను. శాస్త్రం పేరుతో చెలామణి అవుతున్న ఈ మాటను శాస్త్రం బలపరచడం లేదు.

గుంపుకు ఒదిగిపోవడం గురించిన అధ్యయనాల్లో సోలమన్ ఆష్ 1951లో ప్రకటించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. ఒక గీతను చూపి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నారు. ఒంటరిగా అడిగితే తప్పు చెప్పినవారు దాదాపు లేరు. కానీ ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం గదిలోని మిగతా వారంతా ఒకే తప్పు జవాబు చెప్పినప్పుడు, ఆ సంగతి తెలియని వ్యక్తులు ఇంచుమించు మూడో వంతు సార్లు ఆ తప్పునే తామూ చెప్పారు. ప్రతి నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. వారంతా కళాశాలల్లో చదువుతున్న పురుషులే అన్నది గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే విలువైన ఫలితం మరొకటి ఉంది. ఆ గదిలో మరొక్కరు నిజం చెప్పినా చాలు, లొంగుబాటు మునుపటిలో నాలుగో వంతుకు పడిపోయింది. జవాబును బిగ్గరగా చెప్పకుండా కాగితం మీద రాయనిచ్చినప్పుడూ అది బాగా తగ్గింది. చాలామంది విషయంలో కన్ను మోసపోలేదు, ఏకగ్రీవంగా నిలిచిన గుంపు ముందు నోరు పెగలలేదు.

మరి స్త్రీలు పురుషుల కంటే ఎక్కువగా లొంగుతారా? 1971లో సిస్ట్రంక్, మెక్‌డేవిడ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాల్లో అడిగే ప్రశ్నల మీదే దృష్టి పెట్టారు. పురుషులకు ఎక్కువ పరిచయమున్న విషయాల్లో స్త్రీలు గుంపును ఎక్కువగా అనుసరించారు. స్త్రీలకు పరిచయమున్న విషయాల్లో పురుషులు ఎక్కువగా అనుసరించారు. ఇద్దరికీ సమానంగా తెలిసిన విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పదేళ్ల తర్వాత ఆలిస్ ఈగ్లీ, లిండా కార్లీ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ గుదిగుచ్చి పరిశీలించారు. సగటున స్త్రీలలో లొంగుబాటు కాస్త ఎక్కువే అయినా ఆ తేడా స్వల్పం. పైగా పరిశోధకులు పురుషులైన అధ్యయనాల్లోనే అది పెద్దదిగా కనిపించింది. తనకు పరిచయం లేని విషయంలో, తన మాటకు విలువ లేని చోట ఎవరైనా పక్కవారి ముఖం చూస్తారు. ఆ చోటు స్త్రీలకు ఎక్కువగా దక్కింది కనుక, అదే వారి స్వభావమని లోకం పేరు పెట్టింది.

పరిణామవాదులు చెప్పేదంతా అబద్ధమని నేను అనడం లేదు. సంతానం కోసం ఎక్కువ శ్రమ వెచ్చించే జీవి జోడీ ఎంపికలో ఎక్కువ జాగ్రత్త చూపుతుందని 1972లో రాబర్ట్ ట్రివర్స్ ప్రతిపాదించారు. 1989లో డేవిడ్ బస్ 37 సంస్కృతులకు చెందిన పదివేల మంది సమాధానాలను ప్రకటించారు. స్త్రీలు సంపాదన సామర్థ్యానికి, పురుషులు వయసుకు, అందానికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నారని అందులో తేలింది. 1999లో ఈగ్లీ, వెండీ వుడ్ అదే సమాచారాన్ని తిరిగి పరిశీలించి, స్త్రీ పురుష సమానత్వం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆ తేడాల్లో కొన్ని తగ్గుతున్నాయని చూపారు. ఆస్తి, ఆదాయం తన చేతిలో లేని స్త్రీ సంపాదించే భర్తను కోరుకోవడంలో వింతేముంది? ఈ చర్చ ఎలా ముగిసినా మనకు సంబంధించిన విషయం ఒకటే. ఈ సిద్ధాంతాల్లో ఎక్కడా కులం లేదు. పైగా ట్రివర్స్ సూత్రం ఎంపికను స్త్రీ చేతిలో పెడుతుంది. కులవివాహం సరిగ్గా ఆ ఎంపికనే ఆమె చేతిలోంచి లాక్కుని తండ్రికి, మేనమామకు, కులపెద్దకు అప్పగిస్తుంది.

సొంత కులంలో పెళ్లి ప్రకృతి నియమమే అయితే అది ఆది నుంచీ ఉండాలి. జన్యుశాస్త్రం దీనికి భిన్నమైన కథ చెబుతోంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఇప్పటికి సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ ఉపఖండపు జనసమూహాలు విస్తృతంగా కలిసిపోయాయి. ఆ తర్వాతే తలుపులు మూసుకున్నాయి. మూసుకున్న ఆ తలుపుల గుర్తు ఆంధ్ర ప్రాంతపు వైశ్యుల జన్యువుల్లో నేటికీ కనబడుతుంది. శస్త్రచికిత్సల్లో వాడే ఒక కండర సడలింపు మందును శరీరం త్వరగా విడగొట్టలేని లోపం వారిలో ఇతరుల కంటే ఎక్కువ. తరతరాలుగా ఒకే గుంపులో జరిగిన వివాహాలకు శరీరం చెల్లిస్తున్న మూల్యమిది. సంతానం మేలు కోసం ప్రకృతి నేర్పిన జాగ్రత్త అనే వాదం ఇక్కడ నిలవదు.

ఈ తలుపులు ఎలా మూసుకున్నాయన్న ప్రశ్నకు 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో 25 ఏళ్ల అంబేడ్కర్ జవాబు వెతికారు. ఆయన దృష్టిలో కులానికి ప్రాణం అంతర్వివాహం. గుంపులో స్త్రీ పురుషుల సంఖ్య సమతూకంలో ఉంటేనే అది నిలుస్తుంది. భర్త పోయిన స్త్రీ ‘మిగులు’ అవుతుంది. ఆమె గుంపు లోపల మరొకరి వరుణ్ని తగ్గించకూడదు, గుంపు దాటకూడదు. అందుకే సతి, బలవంతపు వైధవ్యం వచ్చాయి. భార్య పోయిన పురుషుడు గుంపుకు విలువైనవాడు కనుక అతనికి ఇంకా ఈడు రాని బాలికను కట్టబెట్టారు. స్త్రీ పురుషుల మధ్య మనం స్వభావమనుకునే వ్యత్యాసంలో ఎంత భాగం కులం లెక్క సరిపెట్టడానికి పుట్టిందో ఆ వ్యాసం చదివితే తెలుస్తుంది.

ఒక గుంపు మూసిన తలుపు మిగతా వారికి ఆదర్శమెలా అయింది? దీనికి అంబేడ్కర్ ఫ్రెంచి సామాజికవేత్త గాబ్రియేల్ టార్డ్ అనుకరణ సూత్రాలను ఆధారం చేసుకున్నారు. గౌరవం ఉన్నవారిని, దగ్గరగా ఉన్నవారిని జనం ఎక్కువగా అనుకరిస్తారు. మన పల్లెల్లో శ్రమజీవుల కులాలు చాలావాటిలో మారుమనువు ఆచారంగా ఉండేది. నాలుగు డబ్బులు, కాస్త హోదా వచ్చిన కుటుంబాలు మొదట వదులుకున్నది దాన్నే. పై కులాన్ని అనుకరించి ఎదగాలనుకున్న పురుషుడి గౌరవానికి వెల చెల్లించింది ఇంటి ఆడపిల్ల.

ఆష్ ప్రయోగంలో ఎదురు చెప్పిన వ్యక్తికి కలిగేది కాసేపటి ఇబ్బంది మాత్రమే. కులం గదిలో శిక్ష ప్రాణం దాకా వెళ్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్ అనే దళిత యువకుణ్ని గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. 2021లో వెలువడిన ప్యూ సంస్థ సర్వేలో తమ సముదాయపు స్త్రీలు కులం దాటి పెళ్లి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని 64 శాతం మంది, పురుషుల్ని ఆపడం చాలా ముఖ్యమని 62 శాతం మంది అన్నారు. అంకెల్లో ఇద్దరూ సమానమే. కత్తి మాత్రం పై కులపు స్త్రీ కింది కులపు పురుషుణ్ని ఎంచుకున్నప్పుడే ఎక్కువగా లేస్తుంది. ప్రకృతి నియమానికి కిరాయి హంతకుల కాపలా అవసరం లేదు. కాపలా పెట్టాల్సి వస్తోందంటేనే అది మనుషులు కట్టిన గోడ అని అర్థం.

అదే సర్వేలో ‘చాలా ముఖ్యం’ అనని వారు మూడో వంతుకు పైగా ఉన్నారు. వారంతా కులాంతర వివాహాన్ని హర్షిస్తారని కాదు. కానీ వారి సందేహం ఇంటి గడప దాటి వినబడదు. సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో జరిగిన ఒక అధ్యయనం ఇక్కడ గమనార్హం. స్త్రీలు బయట ఉద్యోగం చేయడానికి అక్కడి యువ భర్తల్లో అత్యధికులు లోలోపల సమ్మతిస్తున్నారు. పక్కవారు మాత్రం ఒప్పుకోరని ప్రతివారూ అనుకుంటున్నారు. పక్కవారి అసలు అభిప్రాయం తెలిపాక భార్యలకు ఉద్యోగం చూసేందుకు ముందుకొచ్చిన వారి సంఖ్య పెరిగింది. ‘నలుగురు ఏమనుకుంటారో’ అని మనం భయపడే ఆ నలుగురిలో ఒకరిద్దరు మనల్ని చూసి భయపడుతూ ఉండవచ్చు.

కాబట్టి చేయవలసింది ఆ గదిలో రెండో గొంతును నిలబెట్టడం. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వెలి బెదిరింపుల నడుమ పైడా రామకృష్ణయ్య ధనసహాయంతో నిలబడ్డారు. నేడు ఆ పని రాజ్యం చేయాలి. కులాంతర జంటల రక్షణకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగాలు ఉండాలని, సురక్షిత గృహాల ఏర్పాటును ప్రభుత్వాలు పరిశీలించాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మన జిల్లాల్లో ఎంతవరకు అమలైందో విద్యార్థి సంఘాలు అడగాలి. జంటలో ఒకరు హిందువు, మరొకరు దళిత క్రైస్తవులు అయితే సాధారణంగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని ఆశ్రయించాలి. ఆ చట్టం పెళ్లి నోటీసును ముప్పై రోజులు గోడకు అంటించమంటుంది. వెంటాడేవారికి ప్రభుత్వమే చిరునామా ఇచ్చే ఆ నిబంధనను తొలగించాలని అడగాలి.

లొంగిపోయిన కూతురిది స్త్రీ స్వభావమని, ఎదిరించిన కూతురిది తెగింపు అని అనడం తేలిక. ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నవారు. వారిలో ఒకరి పక్కన ఎవరో ఒకరు నిలబడ్డారు, మరొకరి పక్కన ఎవరూ లేరు.