ఒడ్డుకు చేరిన పడవకూ గండం

లాగడం, నిలబెట్టడం, కప్పడం: ఏది చెడినా నష్టం మత్స్యకారుడికే

సముద్రంలో ఉన్న పడవకు గండం ఉంటుందని పాలెంలో పసివాణ్ణి అడిగినా చెబుతాడు. ఒడ్డున ఉన్న పడవకూ గండం ఉంటుందన్న సంగతి మాత్రం పెద్దవాళ్లు సైతం మరిచిపోతుంటారు. పడవను ఇసుక మీదికి లాగి, వల భుజాన వేసుకుని ఇంటిదారి పడితే పని అయిపోయిందనుకుంటాం. నిజానికి అప్పుడు మొదలయ్యే పని ఒకటుంది.

కావలి వైపు తుమ్మలపెంట మొదలు ముత్తుకూరు వైపు కృష్ణపట్నం దాకా మన తీరంలో ఇంజను పడవలు ఏడాదిలో రెండు విడతలు ఒడ్డున ఉంటాయి. మొదటిది వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను ఉన్న పడవలేవీ వేటకు వెళ్లరాదు. రెండోది తుపానుల కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు ఏ వాయుగుండం పడుతుందో తెలియదు.

1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను మూడూ కార్తీకమాసంలో వచ్చినవే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటినా కుంభవృష్టి మాత్రం మన జిల్లా మీద కురిసింది.

తెప్ప పోయి ఫైబర్ వచ్చింది

తెప్పల రోజుల్లో ఈ బెడద తక్కువ. వేట నుంచి రాగానే కట్టు విప్పితే తెప్ప కాస్తా నాలుగు దుంగలయ్యేది. తలా ఒకటి మోసుకొచ్చి ఎండబెట్టేవారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఫైబర్ పడవల సంఖ్య బాగా పెరిగింది. ఫైబర్ పుచ్చదు, చెద పట్టదు. అలాగని దానికి చావు లేదనుకోరాదు. ఒకచోట బరువంతా మోపితే వంగుతుంది, పై పూత చిట్లుతుంది. ఆ చీలికలోకి ఉప్పునీరు దిగితే లోపలి పొరలు విడిపోతాయి. పైకి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

లాగేటప్పుడు

పది మంది హైలెస్సా అంటూ దుంగల మీద దొర్లించే పనిని ఇప్పుడు చాలాచోట్ల ట్రాక్టరు చేస్తున్నది. మనిషి లాగితే పడవ ఎక్కడ పట్టుకున్నదో చేతికి తెలుస్తుంది. ట్రాక్టరుకు తెలియదు. ముక్కున ఉన్న కొక్కేనికి గొలుసు తగిలించి ఒక్క ఉదుటున లాగితే కొక్కెం ఊడుతుంది, లేదా ముక్కే చీలుతుంది. పడవ చుట్టూ కిందుగా మోకు తిప్పి, బరువు ఒళ్లంతా పంచుకునేలా కట్టి, తిన్నగా, నిదానంగా లాగాలి. అడుగున దుంగలు తప్పనిసరి. గవ్వల ఇసుక మీద ఈడ్చిన ప్రతిసారీ అడుగు ఆకురాయి మీద పెట్టినట్టు అరుగుతుంది.

నిలబెట్టేటప్పుడు

పడవ బరువును మోయవలసింది అడుగున నిలువునా సాగే వెన్ను. పక్కన పెట్టే ఊతకర్రలు ఒరిగిపోకుండా ఆపడానికే తప్ప బరువు మోయడానికి కాదు. వెన్ను కింద మూడు నాలుగు చోట్ల అడ్డదుంగలు గాని ఇసుక బస్తాలు గాని వేయాలి. ఊతకర్రలను లోపల అడ్డుబల్లలు ఉన్నచోట ఆనించాలి. ఖాళీచోట ఆనిస్తే ఒళ్లు లోపలికి నొక్కుకుపోతుంది. కర్ర కాలు ఇసుకలో దిగబడకుండా కింద పలక వేయాలి. వాన వెలిసిన ప్రతిసారీ వెళ్లి చూడాలి. వాననీరు ఇసుకను కోసుకుపోతే నిన్న గట్టిగా ఉన్న ఊత ఇవాళ గాలిలో ఉంటుంది.

ముక్కు కొంచెం ఎత్తుగా, వెనుక భాగం పల్లంగా పెట్టి, నీరు పోయే రంధ్రం బిరడా తీసి ఉంచాలి. ఇది చిన్న విషయమనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 12 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న పడవలో 10 సెంటీమీటర్ల వాన పడి నిలిస్తే 1,200 లీటర్లు. అంటే టన్నుకు పైగా బరువు ఊతల మీద పడుతుంది.

కప్పేటప్పుడు

చలిదేశాల్లో కోట్ల రూపాయల విలాస నౌకలకు కూడా ఈ సేవ తప్పదు. మంచు కురిసే ముందు వాటిని పట్టీల క్రేనుతో పైకెత్తి, వెన్ను దుంగల మీద ఆనించి, ఇరువైపులా ఊతలు పెట్టి, గుడ్డతో కప్పుతారు. అక్కడ ఇంజనులో మిగిలిన నీరు గడ్డకట్టి పగలగొడుతుందని భయం. ఇక్కడ ఇంజనులో మిగిలిన ఉప్పు తినేస్తుందని భయం. కారణం వేరైనా కట్టుబాట్లు అవే.

పడవ పొడవునా నడుమ ఒక వెదురు వాసం ఎత్తి, దాని మీదుగా పట్టా వేస్తే నీరు రెండు వైపులా జారిపోతుంది. వాసం లేకుండా పరిస్తే పట్టా నడుమ చెరువవుతుంది. రెండు కొసలా గాలి ఆడే సందు వదలాలి. బిగించి చుడితే లోపల చెమ్మ చేరి చెక్కబల్లలు కుళ్లుతాయి. తాటాకు కప్పు అందుకే మంచిదనిపించుకుంది, నీడ ఇస్తుంది, గాలిని ఆపదు. పట్టా తాళ్లను మాత్రం ఊతకర్రలకు ఎన్నడూ కట్టకూడదు. గాలికి పట్టా ఎగిరితే ఊతను లాగేస్తుంది, పడవ ఒరుగుతుంది. తాడును పడవ అడుగు నుంచి తిప్పి అటువైపు కట్టాలి.

చెక్క నావ సంగతి వేరు. వేసవి ఎండకు బల్లలు ఎండి సందులు విచ్చుకుంటాయి. దానికి నీడతోపాటు తడిగోనెలు కావాలి. ఏ పడవదైనా ఇంజనును మంచినీటితో కడిగి, నూనె మార్చి, ఇంటికి చేర్చడం మేలు.

తుపాను హెచ్చరిక వస్తే పట్టా, ఊతలు మాత్రమే చాలవు. ఖాళీ పడవ గాలికి దొర్లుతుంది. ఇసుకలో లోతుగా అడ్డంగా పాతిన దుంగకు మోకులతో కట్టాలి. పడవకూ పడవకూ నడుమ ఎడం ఉంచాలి. పెద్ద మరబోట్లను ఇలా లాగడం సాధ్యం కాదు. వాటికి కృష్ణపట్నం దగ్గరి కండలేరు క్రీకు వంటి ఆశ్రయమే గతి.

ఊరంతటి పని

జువ్వలదిన్నెలో చేపల రేవుకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. రేవు పెద్ద బోట్లకు నీడ. మైపాడు, కోడూరు, ఇసకపల్లి వంటి చోట్ల ఇసుక మీద నిలిచే చిన్న పడవలకు ఎవరి పాలెంలో వారికే చోటు కావాలి. ఆటుపోట్ల గీతకు పైన చదునైన మెరక, చేత్తో తిప్పే లాగుడు చక్రం ఒకటి, అందరికీ ఉమ్మడిగా పాతిక దుంగలు ఉంటే చాలు. మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన ఐక్యరాజ్యసమితి బంగాళాఖాత మత్స్య పథకం 1980లలోనే ఒడ్డుకు లాగే సాధనాల మీద పరీక్షలు జరిపింది. కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. మత్స్యకార సంఘాలు, పంచాయతీలు కలిసి పూనుకోవలసిందే మిగిలింది.

నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. ఆ సొమ్ము రెండు నెలలు ఇల్లు గడవడానికే సరిపోదు. ఇక పడవ చీలితే బాగుచేతకు అప్పు, అప్పు తీర్చేదాకా పట్టిన చేపకు అప్పిచ్చినవాడు చెప్పిందే ధర. ఒక్క ఊతకర్ర జారితే ఇల్లు అంతదూరం జారుతుంది.

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. ఓడ బండి మీదికి ఎక్కిన రోజున దాన్ని ఓడలాగే చూసుకోవాలి. దసరా వెళ్లి దీపావళి వచ్చేలోగా దుంగలు, మోకులు, పట్టాలు సరిచూసుకుంటే కార్తీకంలో గాలి లేచినా కంటికి కొంత నిద్ర పడుతుంది.