సయాం రైలు దారికి మన పెద్దలతో

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏండ్లు నిండినవి. మలయా తోటలలో వేళ్లూనుకున్న తెలుగు కుటుంబాలలో "సయాం రైలు" అన్న మాట వినని ఇల్లు అరుదు. తాతగారో, తాతగారి తమ్ముడో, పక్క లయంలోని మనిషో ఆ పనికి వెళ్లి తిరిగి రాలేదని పెద్దవాళ్లు చెప్పుకోగా విన్నవారమే. ఆ పని చేసి ప్రాణాలతో బయటపడినవారు దాదాపు అందరూ కాలం చేసినారు. తండ్రి లారీ ఎక్కుతుంటే గుమ్మంలో నిలబడి చూసిన పిల్లలకు ఇప్పుడు ఎనభై, తొంభై ఏండ్లు. కాళ్లు ఆడుతుండగానే ఆ నేల ఒక్కసారి చూసి రావాలని వారిలో కొందరి కోరిక. అట్టివారి వెంట వెళ్లే కొడుకులు, కోడళ్లు, మనుమలు ఏమి తెలుసుకొని బయలుదేరాలో, అక్కడ ఏమి కనబడుతుందో, ఏమి కనబడదో చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జరిగిన కథ

జపాను సైన్యం 1942 ఫిబ్రవరి 15న సింగపూరును పట్టుకున్నది. బర్మాలోని సేనలకు సముద్రం మీదుగా సరుకులు పంపడం ప్రమాదం కావడంతో, సయాంలోని బాన్‌పోంగ్ వైపు నుండి బర్మాలోని థాన్‌బ్యుజయాత్ వరకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయడానికి పూనుకున్నది. 1942లో మొదలైన పని 1943 అక్టోబరులో ముగిసినది. నడుమ ఉన్నదంతా కొండలు, అడవి, ఎడతెగని వానలు.

యుద్ధం వల్ల రబ్బరు కొనేవారు లేక తోటలు మూతబడినవి. బియ్యం కరువైనది. అటువంటి సమయంలో రోజుకు ఒక డాలరు కూలి, తిండి, కొద్ది నెలలలో తిరిగి రావచ్చునన్న ఆశ చూపి మొదట మనుషులను చేర్చుకున్నారు. వెళ్లినవారు తిరిగి రాకపోయేసరికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు ఒక్కో తోట ఇంతమందిని పంపాలని లెక్క కట్టి తీసుకుపోయారు. దొరికినవారిని దొరికినట్టు పట్టుకుపోవడం కూడా జరిగినది. సామాను పెట్టెలలో కుక్కి రోజుల తరబడి ప్రయాణం చేయించి, బాన్‌పోంగ్‌లో దింపి, అక్కడి నుండి అడవిలోకి నడిపించారు.

ఈ దారి మీద సుమారు 60,000 మంది యుద్ధ ఖైదీలు పనిచేయగా, 12,000 మందికి పైగా మరణించారు. ఆసియా కూలీలు రెండు లక్షల వరకు ఉంటారనీ, వారిలో మలయా నుండి వెళ్లినవారే 70,000 దాటుతారనీ, అన్ని దేశాల కూలీలలో చనిపోయినవారు సుమారు 90,000 అనీ అంచనా. ఈ "అంచనా" అన్న మాటను పాఠకులు గమనించాలి. ఖైదీలకు లెక్క ఉన్నది. మనవారికి ఉన్నది అంచనా మాత్రమే.

పేర్లు ఎందుకు లేవు

ఖైదీ సైనికుడు. అతనికి ఒక సంఖ్య, ఒక దళం, పై అధికారి ఉన్నారు. ఖైదీల శిబిరాలలో వారి సొంత వైద్యులు ఉన్నారు. మందులు లేకున్నా, నీళ్లు కాచి తాగండని చెప్పడానికి మనిషి ఉన్నాడు. ఎవరు ఏ రోజున పోయినదీ రహస్యంగా రాసి దాచినవారూ ఉన్నారు. 1945లో యుద్ధం ముగియగానే ఒక బృందం ఆ దారి పొడుగునా తిరిగి 10,000కు పైగా సైనికుల సమాధులను గుర్తించగలిగినది ఆ కాగితాల వల్లనే.

కూలీలకు ఇవేవీ లేవు. కుటుంబాలతో వెళ్లినవారూ ఉన్నారు. 1943 వానాకాలంలో కలరా సోకినప్పుడు గుడిసెలకు గుడిసెలే ఖాళీ అయినవి. చనిపోయినవారిని కలిపి పూడ్చారు, లేదా కాల్చారు. రాసిపెట్టిన చేయి లేదు.

తెలుగువారి విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఆనాటి రాతలలో మలయా నుండి వెళ్లిన దక్షిణాది కూలీలను అందరినీ కలిపి "తమిళులు" అని రాయడం పరిపాటి. తోట పద్దులలో మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే ఎక్కించేవారు. ఇంటిపేరు పోయినది. అప్పన్న, రాములు, సూరమ్మ వంటి పేర్లు రాసేవారి చెవికి తోచినట్టు మారినవి. విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుండి వచ్చినవారిలో ఎవరు ఎక్కడ నేల కలిసినదీ ఏ కాగితమూ చెప్పలేకపోవడానికి ఇదొక కారణం.

అక్కడ చూడదగినవి

కాంచనబురి పట్టణంలో రైల్వే స్టేషనుకు దగ్గరగా సైనికుల శ్మశానవాటిక ఉన్నది. అందులో 6,982 మంది ఖైదీలను ఖననం చేసినారు. పచ్చిక, పూలమొక్కలు, వరుసగా పేర్లు చెక్కిన ఫలకాలు చూస్తే మనసు నిండిపోతుంది. నది ఆవల చుంగ్‌కాయి వద్ద ఇంకొకటి, బర్మా చివర థాన్‌బ్యుజయాత్‌లో మరొకటి ఉన్నవి. వీటిలో మన తోటలవారి కోసం వెదకకండి. ఇవి సైనికులకు కట్టినవి. పెద్దలకు ఈ సంగతి బయలుదేరక ముందే నెమ్మదిగా చెప్పాలి. అంత దూరం వెళ్లి, వేల పేర్లు చదివి, తండ్రి పేరు లేదని అక్కడ తెలుసుకోవడం కంటే ఇంటి దగ్గర తెలియడమే మేలు.

మనవారి కోసం వెళ్లవలసినది ఆ వాటిక పక్కనే ఉన్న వాట్ తావోన్ వరారాం అనే బౌద్ధాలయానికి. కూలీల అస్థికలను చేర్చిన స్తూపం అక్కడ ఉన్నది. 1990లో కాంచనబురి వద్ద ఒక చెరకు తోటలో సామూహిక సమాధి బయటపడి వందలాది అస్థిపంజరాలు దొరికిన సంగతి కొందరికి గుర్తుండవచ్చు. వంతెనకు దగ్గరలో జపాను ఇంజనీర్లు 1944లో నిలబెట్టిన స్మారక స్తంభం ఉన్నది. దాని మీద ఉన్న భాషలలో తమిళమూ ఒకటి.

రైలు ఇప్పుడు నాంటోక్ వరకు నడుస్తున్నది. వాంగ్‌ఫో వద్ద కొండ అంచున కట్టెల వంతెన మీద బండి నెమ్మదిగా సాగుతుంది. మెట్లు దిగలేని పెద్దలు కిటికీ పక్కన కూర్చొనే ఆనాటి పనిని చూడవచ్చు. కొండను తొలిచిన హెల్‌ఫైర్ పాస్ వద్ద మెట్లు చాలా ఉన్నవి. మోకాళ్లు బాగులేనివారు పైన ఉన్న ప్రదర్శనశాలతో సరిపెట్టుకోవడం మంచిది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఎండ తక్కువ. పాడాంగ్ బెసార్ నుండి రైలులో వెళ్లేవారికి బాన్‌పోంగ్ దారిలోనే వస్తుంది. ఆ స్టేషను రాగానే పెద్దవారిని లేపి చెప్పండి.

వెంట వెళ్లేవారికి

రోజుకు ఒక్క స్థలం చాలు. పెద్దలను "నాన్నగారు ఎలా పోయారు?" అని సూటిగా అడగరాదు. ఏ తోట, కంగాణి ఎవరు, లారీ వచ్చినది పొద్దుననా సాయంత్రమా, ఆ రోజు ఇంట్లో ఏమి వండారు, అదే బండిలో ఇంకెవరు ఎక్కారు అని అడగండి. చిన్న ప్రశ్నలకు పెద్ద జవాబులు వస్తాయి. మౌనంగా ఉంటే ఉండనివ్వండి.

చాలామంది పెద్దలకు ఉన్న బాధ కర్మ గురించి. తండ్రి పోయిన తిథి తెలియదు. భర్త వస్తాడో రాడో తేలక, బొట్టు ఉంచుకోవాలో తీయాలో తెలియక ఏండ్లు గడిపిన తల్లులను చూసిన పిల్లలు వీరు. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు తర్పణం విడవడం మన ఆచారంలో ఉన్నదే. స్తూపం వద్ద దీపం, పూలు చాలు. నది ఒడ్డున నువ్వులు, నీళ్లు విడవాలనుకుంటే ఆలయంలోని భిక్షువులకు ముందుగా మనవి చేసుకొని, వారు చూపిన చోట చేయడం మర్యాద.

ఇక ముఖ్యమైన పని ఇంటికి వచ్చిన తరువాత ఉన్నది. వెళ్లి తిరిగి రానివారి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, తోట పేరు, తీసుకుపోయిన నెల—తెలిసినంతవరకు ఒక కాగితం మీద తెలుగులో రాసి, రాసిన తేదీ, చెప్పినవారి పేరు కింద వేయండి. ఇంట్లో ఒక ప్రతి ఉంచి, మన సంఘానికి ఒకటి ఇవ్వండి. రాతిపై పేర్లు చెక్కే రోజు వస్తుందో రాదో మన చేతిలో లేదు. చెక్కవలసి వచ్చినప్పుడు ఏ పేరు అని అడిగితే చెప్పగలగడం మన చేతిలోనే ఉన్నది. చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరే ఉన్నారు.