సూక్ష్మ రంధ్రమయ పదార్థాల బలం: కొలిచే విధానమే కీలకం

ఎముక లోపలి భాగం, బెండు, స్పాంజి వంటి వాటిలో ఘనపదార్థం కంటే ఖాళీ స్థలమే అధికం. ఈ అమరికను ఆదర్శంగా తీసుకుని, వెంట్రుక కంటే సన్నని కడ్డీలతో కూడిన జాలకాలను శాస్త్రవేత్తలు రూపొందిస్తున్నారు. విమాన భాగాలు మొదలుకొని శరీరంలో అమర్చే కృత్రిమ ఎముకల వరకు వీటి వినియోగంపై పరిశోధనలు సాగుతున్నాయి. ఈ నేపథ్యంలో వీటి బలాన్ని సక్రమంగా కొలవడం ప్రాధాన్యాన్ని సంతరించుకుంది.

అమెరికా శాస్త్రవేత్తలు 2011లో ఘనపు సెంటీమీటరుకు కేవలం 0.9 మిల్లీగ్రాముల సాంద్రత గల లోహ జాలకాన్ని ప్రకటించారు. బోలు నికెల్ గొట్టాలతో నిర్మించిన ఈ తరహా జాలకాలు సగానికి పైగా నొక్కి విడిచినా దాదాపు పూర్వాకృతిని పొందాయి. 2014లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు, సహజంగా పెళుసైన అల్యూమినాతోనూ ఇదే గుణాన్ని సాధించారు. గొట్టాల గోడలు అత్యంత పలుచగా ఉండటమే ఇందుకు కారణం.

సాంద్రతకు, దృఢత్వానికి సంబంధం

లోర్నా గిబ్సన్, మైఖేల్ ఆష్బీ రూపొందించిన సూత్రం ప్రకారం, నురుగు వంటి పదార్థాల దృఢత్వం వాటి సాపేక్ష సాంద్రత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా సాంద్రత 10 శాతం తగ్గితే దృఢత్వం 19 శాతం తగ్గుతుంది. భారం పడినపుడు లోపలి కడ్డీలు వంగడమే ఇందుకు కారణం. కడ్డీలు వంగే వీలులేని త్రిభుజాకార అమరికలలో ఈ నష్టం గణనీయంగా తక్కువ.

పరీక్షా విధానం

సాధారణ ఘనపదార్థాలను నానో ఇండెంటేషన్ పద్ధతిలో పరీక్షిస్తారు. మొనదేలిన వజ్రాన్ని ఉపరితలంలోకి నొక్కి, ప్రయోగించిన బలాన్ని, మొన దిగిన లోతును నమోదు చేస్తారు. రంధ్రమయ పదార్థంలో ఆ మొన ఖాళీలోకి జారవచ్చు; లేదా ఒక్క కడ్డీ గుణాన్నే చూపవచ్చు. అందువలన చదునైన మొనతో నమూనా మొత్తాన్ని నొక్కుతారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లోపలే ఈ పరీక్ష జరిపితే ఏ కడ్డీ ముందుగా వంగినదీ, విరిగినదీ ప్రత్యక్షంగా గమనించవచ్చు.

అయినప్పటికీ పొరపాట్లకు అవకాశముంది. నమూనా పైభాగం సమతలంగా లేకుంటే మొదట కొన్ని కడ్డీలే భారాన్ని మోస్తాయి. అడుగున ఉన్న ఆధారం కుంగితే ఆ కుంగుబాటు కూడా నమూనా ఖాతాలో చేరుతుంది. అంచులలోని కడ్డీలకు ఇరుగుపొరుగు ఆసరా తక్కువ కనుక, గదులు కొద్దిగా ఉన్న నమూనా అసలు కంటే బలహీనంగా కనిపిస్తుంది. తొలిసారి నొక్కినపుడు ఏర్పడే పగుళ్ల వలన రెండవసారి ఫలితం మారవచ్చు.

కృత్రిమ ఎముకల విషయంలో ఈ తేడాలు రోగిపై నేరుగా ప్రభావం చూపుతాయి. టైటానియం మిశ్రమలోహపు స్థితిస్థాపక గుణకం సుమారు 110 గిగాపాస్కల్స్ కాగా, గట్టి ఎముకది దాదాపు 20 మాత్రమే. అమర్చిన భాగం మితిమీరి దృఢంగా ఉంటే భారమంతా అదే మోయగా, పక్కనున్న ఎముక క్రమంగా క్షీణిస్తుంది. రంధ్రాల ద్వారా ఆ దృఢత్వాన్ని తగ్గించడమే ఈ నిర్మాణాల ఉద్దేశం. కనుక ఇటువంటి పదార్థాల బలాన్ని తెలిపే అంకెతోపాటు సాపేక్ష సాంద్రత, నమూనాలోని గదుల సంఖ్య, నొక్కిన దిశ, ఎన్నవసారి నొక్కినదీ కూడా పేర్కొన్నపుడే ఆ అంకెకు అర్థం చేకూరుతుంది.