దివాణమున వెలసిన సోషలిస్టు పక్షము

లెబనాను దేశమున 1949 వ సంవత్సరమున అభ్యుదయ సోషలిస్టు పక్షమను పేర నొక రాజకీయ సంస్థ వెలసెను. బీదల కొఱకు పోరాడుటకై పుట్టిన యా సంస్థను స్థాపించినవాడు బీదవాడు కాడు. షూఫ్ కొండసీమలో తరతరములుగా పెత్తనము నెఱపిన జుంబ్లాటు వంశమునకు పెద్ద, ముఖ్తారా దివాణమునకు ప్రభువు అగు కమాల్ జుంబ్లాటు. భూస్వామి సోషలిస్టగుట యెట్లు, అయి యేమి సాధించెను అను విషయము భూవసతి గల మన చదువరులు విచారింపదగినది.

కమాల్ 1917 లో జన్మించెను. 1921 లో తండ్రి హత్యకు గురికాగా, తల్లి నజీరా వంశభారమును వహించెను. ఆయన పారిసు నగరమున విద్యనభ్యసించి, 1943 లో శాసనసభ్యుడయ్యెను. ఆ యేటనే స్వతంత్రమైన లెబనాను నందు పదవులు మతములవారీగా పంచబడెను. అధ్యక్షుడు మారొనైటు క్రైస్తవుడు, ప్రధానమంత్రి సున్నీ, సభాపతి షియా కావలెను. శాసనసభా స్థానములు క్రైస్తవులకు ఆఱు, ముస్లిము ద్రూజాదులకు అయిదు చొప్పున నుండెను. ఎంతటి సమర్థుడైనను జుంబ్లాటు వంటి ద్రూజు అధ్యక్షుడు కాజాలడు.

పదవి పుట్టుకచే లభించునంతకాలము ఒక మతపు బీదవాడు మఱియొక మతపు బీదవానిని తనవానిగా నెఱుగజాలడు. ఈ సత్యమే యా పక్షమునకు పునాది. మతప్రాతినిధ్యము తొలగవలెననియు, రైతుకూలీలకు న్యాయము జరుగవలెననియు అది కోరెను. జుంబ్లాటు తన భూములలో కొంతభాగమును స్వయముగా సాగుదార్లకు పంచియిచ్చెను. మన దేశమునకు వచ్చి వేదాంతమును అభ్యసించెను. గాంధీజీ యెడ మిక్కిలి గౌరవము వహించెను. దేశీయాంగమంత్రియై, 1970 లో కమ్యూనిస్టు మొదలగు పక్షములపై నున్న నిషేధమును తొలగించెను. 1975 లో అంతర్యుద్ధము చెలరేగగా, వామపక్ష కూటమికి నాయకుడై మతప్రాతినిధ్యమును రద్దు చేయుమని కోరెను. మఱుసటి యేడు సిరియా సేన ప్రవేశించి, ఆ కూటమి పురోగతిని అడ్డెను. 1977 మార్చి 16 న షూఫ్ మార్గమున ఆయన కాల్చిచంపబడెను.

తదుపరి జరిగినది మిక్కిలి శోచనీయము. నాయకుని మరణవార్త వినినంతనే, ఏ పాపము నెఱుగని యిరుగుపొరుగు గ్రామముల క్రైస్తవులు పలువురు ప్రతీకారమునకు బలియైరి. మతభేదములను చెఱపదలచినవాని పేరిటనే యీ ఘోరము జరిగెను! నాయకత్వము కుమారుడగు వలీదునకు సంక్రమించెను. 1983 నాటి కొండయుద్ధమున ఆ పక్షపు దళములు ద్రూజు సేనవలెనే పోరాడగా, వేలకొలది క్రైస్తవులు ఇండ్లు విడిచి వెడలిరి. 2001 లో మారొనైటు మతాధిపతిని ముఖ్తారాకు ఆహ్వానించి వలీదు సమాధానపడుట ప్రశంసనీయమే. కాని 2017 లో, తండ్రి నలుబదియవ వర్ధంతి సందర్భమున, అతడు కుమారుడు తైమూరు భుజములపై ఉత్తరీయము వేసి వారసత్వమును ప్రకటించెను. 2023 లో తైమూరే పక్షాధ్యక్షుడయ్యెను.

ఆ వంశమును పరిహసించుట మా యుద్దేశము కాదు. చుట్టును భయమావరించినపుడు అల్పసంఖ్యాకులు తమ్ము కాపాడు ప్రభువునే యాశ్రయింతురు. సిద్ధాంతము కడుపు నింపదు, ప్రాణము నిలుపదు. దివాణము ఆ రెండును చేయగలదు. 1989 నాటి తాయిఫ్ ఒడంబడిక మతప్రాతినిధ్యమును క్రమముగా తొలగింతుమని వాగ్దానము చేసినను, అది నేటికిని కాగితముననే యున్నది. చట్టము చూపవలసిన రక్షణను చట్టము చూపనందున, ప్రజలు వంశమును విడువరైరి.

భూమిని పంచుట త్యాగము. అట్టి త్యాగమునకు జుంబ్లాటు వెనుదీయలేదు. కాని జనులు ఆయన చేతినుండి భూమిని గ్రహించిరే గాని, ఆయన యాసనమును తమదిగా భావింపలేదు. ఆసనము అందఱిదని నమ్ము ధైర్యము ప్రజలకు కలుగునంతవఱకు, ఏ దేశమునను ఎంతటి యుదారుని పక్షమైనను తుదకు దివాణపు గుమ్మమునకే తిరిగి వచ్చునని మా యభిప్రాయము.