ఆకాశంలో ఔటర్ సిగ్నల్ ఉండదు

టాటానగర్ వచ్చే రైలు ఔటర్‌లో ఆగిపోవడం మనందరం చూసిందే. ప్లాట్‌ఫారం ఖాళీ లేదంటారు, విసుక్కుంటూ కూర్చుంటాం. అంతకు మించి నష్టమేమీ ఉండదు. విమానాన్ని అలా నిలబెట్టడం కుదరదు. గాలిలో ఉన్నంతసేపూ అది కదులుతూనే ఉండాలి, ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. దిగే చోట ఖాళీ లేకపోతే ఆ చుట్టుపక్కలే తిరుగుతూ ఉండాలి.

మన సోనారీ విమానాశ్రయంలో రన్‌వే చిన్నది, పెద్ద జెట్ విమానాలు దిగలేవు. అందుకే నాన్నగారికి బదిలీ అయినా, సెలవులకు ఊరెళ్ళాలన్నా విమానం కోసం రాంచీకో కోల్‌కతాకో పోతాం. ఒక్కోసారి రాంచీలో ఎండ కాస్తూనే ఉంటుంది, విమానం ఎదురుగానే ఉంటుంది, అయినా బయలుదేరదు. అడిగితే "ఢిల్లీలో పొగమంచు" అంటారు. ఇక్కడి ఎండకీ అక్కడి మంచుకీ సంబంధం ఏమిటి?

ఒక రన్‌వే మీద ఒకసారి ఒక్క విమానమే దిగాలి. అది పక్కకు తప్పుకున్నాకే రెండోది. పైగా పెద్ద విమానం వెనక గాలి సుడులు తిరుగుతుంది. అది సర్దుకునేదాకా వెనక వచ్చే చిన్న విమానం దూరంగా ఉండాలి. కాబట్టి గంటకు ఇన్నే అనే లెక్క ఒకటి ఉంటుంది.

జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన రోజున ఆకాశంలో క్యూ అన్న మాటే లేదు. ఇప్పుడు అదే ముంబైలో రెండు రన్‌వేలున్నా అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి, రెంటినీ ఒకేసారి వాడలేరు. రద్దీ వేళల్లో అక్కడ గంటకు 46 రాకపోకలు జరిగేవి. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం వాటిని 44కు తగ్గించమంది. విమానాలు నగరం మీద 40 నుంచి 60 నిమిషాలు తిరుగుతున్నాయనీ, ఒక్కో విమానం గంటకు సగటున 2000 కిలోల ఇంధనం కాలుస్తుందనీ చెప్పింది. తగ్గించింది రెండే కదా అనిపించవచ్చు. కానీ గంటంతా నిండిపోయి ఉంటే ఒక్క విమానం ఆలస్యమైనా దాన్ని ఇరికించడానికి చోటుండదు. ఆ ఆలస్యం తరవాతి గంటకూ, అలా సాయంత్రం దాకా పాకుతుంది.

ఇక మంచు లెక్క. గంటకు 40 విమానాలు దిగే చోట మంచువల్ల 25 మాత్రమే దిగగలవనుకుందాం. మిగిలిన 15 ఎక్కడైనా ఆగాలి. గాలిలో ఆగేకంటే ఇంజన్లు ఆపుకుని నేల మీద ఆగడం మేలు. ఈ లెక్కలు చూడడానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకు ఢిల్లీలోని వసంత్ కుంజ్‌లో ఒక కేంద్రం ఉంది. ఏ విమానం ఎన్ని గంటలకు నేల విడవాలో అక్కడ లెక్కకట్టి చెబుతారు.

మరి ఆ 15 ఏవి? లండన్ నుంచి వచ్చేది ఎప్పుడో బయలుదేరి దారిలో ఉంది, దాన్ని ఆపలేరు. ఇంకా ఎగరనివాటినే ఆపగలరు. అందుకే రాంచీ వంటి దగ్గరి ఊళ్ళ విమానాలకు ఎక్కువ ఆలస్యం వచ్చి పడుతుంది. ఇది పూర్తిగా న్యాయమని మాకైతే అనిపించలేదు. కానీ గాలిలో ఉన్నవాళ్ళ ఇంధనం తరిగిపోతుంటే వేరే దారి కూడా కనిపించలేదు. గేటు దగ్గరి అక్క మీద అరిచి మాత్రం లాభం లేదు, ఆ సమయం నిర్ణయించింది ఆవిడ కాదు.

ఇచ్చిన సమయానికి విమానం సిద్ధంగా ఉండాలి. చివరి పిలుపు వచ్చాక కూడా దుకాణంలో బేరం చేస్తున్న ఒక్క ప్రయాణికుడి కోసం ఆగి ఆ సమయం దాటిపోతే, కొత్త సమయం అడగాలి. అది ఎంతసేపటికి దొరుకుతుందన్నది అప్పటి క్యూని బట్టి ఉంటుంది.